సున్నా యూనిట్లు

తలుపు తీసేవాళ్లు నా మొహం చూడరు.
చేతిలో టార్చి చూస్తారు, చంకలో పుస్తకం చూస్తారు,
"అప్పుడే నెల అయిపోయిందా, దోమ్నికా?" అంటారు
నెలల్ని నేనే వెనకనుంచి తోస్తున్నట్టు.

సొరోకా ఊళ్లో పదిహేడేళ్లుగా గ్యాసు మీటర్లు చదువుతున్నాను.
ఈ డిసెంబరులో, పద్నాలుగో నంబరింటి అన్ఫీసా
మీటరు మీద కుట్టుపువ్వుల తువ్వాలు కప్పింది.
చావు జరిగిన ఇంట్లో అద్దానికి అలా కప్పుతాం మేం.
తీశాను. చదివాను. మళ్లీ కప్పాను.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

లెక్కల మాస్టారు ఇలారియోన్
పోయిన నెల బిల్లుని ఎర్రసిరాతో దిద్ది పెట్టాడు.
ఎక్కడా తప్పు లేదట.
"అదే నా బాధ, తప్పుంటే కొట్టేసేవాణ్ణి."
పైన పింఛను, కింద బిల్లు,
రెండో తరగతి తీసివేత.
అప్పు తెచ్చుకుందామంటే
పక్క స్థానంలోనూ సున్నాయే.

ఆయన ఇల్లు అక్టోబరులో నాలుగు గదులు,
నవంబరులో రెండు.
ఇప్పుడు వంటగది ఒక్కటే ఇల్లు.
మిగతా తలుపుల సందుల్లో తివాచీలు కుక్కి
పియానోని చలికి వదిలేశారు.
రాత్రిళ్లు గోడ అవతల
తీగ తెగిన చప్పుడు ఒక్కోసారి వినిపిస్తుందట.

టీవీలో మంత్రి, "మన దేశం నిలదొక్కుకుంటోం..."
కరెంటు పోయింది.
చీకట్లో మాస్టారి మనవరాలి గొంతు:
"నిలబడ్డాక కూర్చోనిస్తారా, తాతా?"

నదికి అవతలి ఒడ్డు ఇంకా నల్లగా ఉంది.
అక్కడి చీకటికి కారణం బిల్లు కాదు.
అక్కణ్ణించి పిల్లాడితో వచ్చిన ల్యుద్మీలా
వారం రోజులకని చోటడిగింది, మార్చిలో.
వెచెస్లావ్ వాళ్లింట్లో మీటరు ఇప్పుడు గబగబా తిరుగుతోంది.
నేను అంకె పైకి చదవబోయాను,
వెచెస్లావ్ పెద్దగా దగ్గాడు.
లోపల వంటగదిలో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.
కాగితం మీద రాసి, మడిచి,
అతని చొక్కా జేబులో పెట్టి వచ్చేశాను.

కొండ చివర తెక్లా ముసలమ్మ ఇల్లు.
పోయిన నెల 4172. ఈ నెల 4172.
గాజు తుడిచాను. పైపు మీద అరచెయ్యి ఆనించాను.
ఇనుము ఇనుములాగే చల్లగా ఉంది.
"దొంగతనం చెయ్యలేదే అమ్మాయీ," అందావిడ,
"అసలు తిప్పనే లేదు."

మట్టిపొయ్యిలో అక్రోటు పెంకులు చిటపటమంటున్నాయి.
పప్పు వలిచిస్తే వ్యాపారి కిలోకింతని ఇస్తాడు,
పెంకులు ఆవిడకి మిగుల్తాయి.
పెంకులు, ద్రాక్షతోటలో కత్తిరించిన తీగలు,
వాటి వెనక, పోయిన మొగుడి ఎడమ బూటు.
కుడిది ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.
"అది జనవరికి," అంది.

సున్నా వస్తే పక్కన కారణం రాయాలి నేను.
పుస్తకంలో మూడే గళ్లు:
మీటరు పాడైంది.
కనెక్షను తీసేశారు.
ఇంట్లో ఎవరూ లేరు.
మొదటిది రాస్తే మనుషులొచ్చి గోడ తవ్వుతారు.
రెండోది రాస్తే నిజంగానే తీసేస్తారు.
పెంకులు అనే గడి లేదు.

"టీ చల్లారిపోతుంది, తాగు."
అక్రోటు మరక సబ్బుకి లొంగదు.
ఆ నల్లటి వేళ్లతోనే గ్లాసు ముందుకి జరిపింది.
పొయ్యి దగ్గర చోటు తక్కువ,
మోకాలికి మోకాలు తగుల్తూనే ఉంది,
ఇంట్లో ఎవరూ లేరు అని రాశాను.

ఎవరూ లేని ఇంటావిడ
నా సంచిలో రెండు దోసిళ్ల పెంకులు పోసింది.
దిగుతుంటే దారంతా ఒకటే గలగల.
కుక్కలు లేచాయి.
ఎవరో కిటికీ తెర తొలగించి,
టార్చి చూసి, మళ్లీ వేసుకున్నారు.

మా ఇంటి మీటరు ఇంకా చదవలేదు.
దాన్నెప్పుడూ ఆఖరికే ఉంచుతాను.